తెరమీది లాభం

బ్యాంకు ద్వారా తప్పు ఖాతాకు వెళ్లిన డబ్బును రప్పించుకోవడం కష్టమే అయినా దానికో దారి ఉంటుంది. ఆ ఖాతా ఎవరిదో బ్యాంకు రికార్డుల్లో ఉంటుంది. దాన్ని నిలిపివేయమని పోలీసులు కోరవచ్చు, కోర్టు ఆదేశించవచ్చు. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో కరెన్సీలో ఆ దారి చాలా ఇరుకు. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన తొమ్మిది పేజీల పత్రం ఈ గుణాన్ని ఒక ప్రయోజనంగానే చెప్పుకుంది. వెనక్కి తిప్పలేని చెల్లింపులు వస్తే, సరుకు తీసుకున్నాక డబ్బు వాపసు లాగేసుకునే కొనుగోలుదారుల బెడద అమ్మకందారులకు తప్పుతుందన్నది దాని వాదన. మోసాన్ని అరికట్టడానికి చేసిన ఆ ఏర్పాటే పదిహేనేళ్లు తిరిగేసరికి మోసగాళ్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది.

ఆన్‌లైన్‌లో పరిచయమయ్యే అపరిచితులు చేసే క్రిప్టో మోసాలు ఎన్ని వేషాలు వేసినా చేసే పని ఒక్కటే. వెనక్కి తెచ్చుకోగల డబ్బును వెనక్కి తెచ్చుకోలేని చోటికి, బాధితుడి చేతులతోనే చేరవేయిస్తాయి. ప్రేమ కబుర్లు, పెట్టుబడి పాఠాలు, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం, అన్నీ ఆ చేరవేతకు ముందు నడిచే తంతు. ఎదుటి మనిషి మంచివాడా కాదా అని తేల్చుకోబోయేవారు ఎక్కువగా ఓడిపోతారు. ఎందుకంటే ఆ పరీక్షలో నెగ్గడమే అవతలివాడి వృత్తి. డబ్బు ఏ దారిన పోతోందో గమనించడం మాత్రం ఎవరికైనా చేతనయ్యే పని.

తాళం ఎవరి దగ్గరుంటే సొమ్ము వారిది

క్రిప్టోలో ఖాతా అంటే ఒక జత సంఖ్యలు. మొదటిది చిరునామా. అది ఎవరికైనా ఇవ్వవచ్చు. రెండోది రహస్య తాళం. దానితో సంతకం చేస్తేనే డబ్బు కదులుతుంది. అంత పొడవైన సంఖ్యను మనుషులు రాసిపెట్టుకోలేరు కాబట్టి క్రిప్టోను దాచే వాలెట్లు చాలావరకు దాన్ని 12 లేదా 24 ఇంగ్లిష్ మాటల వరుసగా మార్చి ఇస్తాయి. ఆ మాటలన్నీ 2,048 మాటల ఒక స్థిరమైన జాబితా నుంచి వస్తాయి. వరుస ఎవరి చేతికి చిక్కితే సొమ్ము వారిదే. పాస్‌వర్డ్ మరిచిపోయానని అర్జీ పెట్టుకోవడానికి కౌంటరు ఉండదు, ఆధార్ చూపించి హక్కు నిరూపించుకునే వీలూ ఉండదు. కస్టమర్ కేర్ పేరుతో టెలిగ్రామ్‌లో పలకరించి ఆ మాటలు అడిగేవారు అడుగుతున్నది మొత్తం సొమ్మునే. ఏ నిజమైన వాలెట్ కంపెనీకీ వాటి అవసరం రాదు.

నేటి మోసాల్లో చేతులు మారేది ఎక్కువగా బిట్‌కాయిన్ కాదు, యూఎస్‌డీటీ. టెథర్ అనే కంపెనీ జారీ చేసే ఈ నాణెం విలువ డాలరుకు అటూఇటూగా నిలిచి ఉంటుంది. రేపు ధర పడిపోతుందన్న దిగులు మోసగాడికి ఉండదు, పంపడానికయ్యే ఖర్చూ తక్కువే. ఇందులో ఒక మెలిక ఉంది. పోలీసులు కోరితే టెథర్ ఒక చిరునామాలోని నాణేలను స్తంభింపజేయగలదు, చేసిన సందర్భాలూ ఉన్నాయి. అయితే దొంగసొమ్ము ఒకే చిరునామాలో ఎక్కువసేపు ఉండదు. ఒకటి నుంచి పదికి, పది నుంచి వందకు చీలిపోతుంది. ఫిర్యాదులో గంటల ఆలస్యమైనా ఎందుకు ఖరీదవుతుందో ఇక్కడే తెలుస్తుంది.

పరిచయం నుంచి పెట్టుబడి దాకా

మొదటి మెసేజ్ చాలాసార్లు దారి తప్పి వచ్చినట్టుంటుంది. వేరెవరి పేరుతోనో పలకరింపు, నంబరు తప్పని చెప్పగానే క్షమాపణ, ఆపైన మర్యాదగా నాలుగు మాటలు. కొందరికి మ్యాట్రిమోనీ సైట్‌లో విదేశీ ఉద్యోగమున్న సంబంధంగా, కొందరికి లింక్డిన్‌లో ఏదో సంస్థ అధికారిగా, మరికొందరికి తాము చేరకుండానే చేర్చేసిన వాట్సాప్ షేర్ మార్కెట్ గ్రూపుగా ఈ పరిచయం మొదలవుతుంది. ఆ గ్రూపులో రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టే సభ్యుల్లో చాలామంది ఒకే ముఠా చేతిలోని నంబర్లు.

ఆ తర్వాత వారాల తరబడి డబ్బు మాటే రాదు. ఈ ఓపికే ఈ మోసం ప్రత్యేకత. పొద్దున్నే శుభోదయం, మధ్యాహ్నం తిన్నావా అన్న ప్రశ్న, రాత్రి కాసేపు ఇంటి సంగతులు. ఎదుటి మనిషికి విడాకులయ్యాయా, పిల్లలు దూరంగా ఉన్నారా, అప్పులున్నాయా, పదవీ విరమణ డబ్బు ఎక్కడ దాచారు వంటి వివరాలన్నీ ఈ కబుర్లలోనే సేకరిస్తారు. క్రిప్టో సంగతి మాటల మధ్యలో, పెద్దగా పట్టింపు లేనట్టుగా వస్తుంది. మార్కెట్ లోగుట్టు తెలిసిన మేనమామ ఉన్నాడనో, ఒక టైమ్ చూసుకుని ట్రేడ్ చేస్తే నష్టమే రాదనో చెబుతారు. అడిగితే గానీ నేర్పరు. దాంతో నిర్ణయం తనదేనన్న భావం బాధితుడిలో నాటుకుపోతుంది.

ఈ మోసానికి చైనా ముఠాలు పెట్టుకున్న పేరు పందిని మేపి కోయడం అనే అర్థమిస్తుంది. బాధితులను కించపరిచే ఆ మాటను మానుకోవాలని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ కోరింది. అది సబబైన కోరికే. సిగ్గుపడినవారు ఫిర్యాదు చేయరు.

పెట్టుబడి కోసం చూపించే యాప్ లేదా సైట్ నిర్మాణం తెలివైనది. అందులో బిట్‌కాయిన్ ధర నిజమైన ధరే. చార్ట్ కూడా అసలు మార్కెట్ నుంచి ఎప్పటికప్పుడు తెచ్చిపెట్టినదే. అనుమానంతో వేరే చోట సరిచూసుకున్నవారికి అంకెలు కలుస్తాయి, అనుమానం తీరుతుంది. అబద్ధమల్లా బాధితుడి నిల్వ ఒక్కటే. అక్కడ ఏ నాణెమూ కొనడం జరగదు. పంపిన డబ్బు ఆ క్షణమే ముఠా చేరుతుంది. తెరమీద పెరుగుతూ కనిపించేది వాళ్ల సర్వర్‌లో ఎవరో టైప్ చేసిన అంకె.

కాస్త జాగ్రత్తపరులు ముందుగా చిన్న మొత్తం పెట్టి, లాభంతో సహా వెనక్కి తీసి చూస్తారు. డబ్బు వస్తుంది. ఈ పరీక్ష తప్పకుండా చేస్తారని ముఠాకు తెలుసు, దానికయ్యే ఖర్చును ముందే లెక్కలో వేసుకుంటుంది. కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు చెల్లించి నమ్మకం పెంచడం 1920లో బోస్టన్‌లో 45 రోజుల్లో 50 శాతం లాభమని ఊరించిన చార్లెస్ పాంజీ నాటి విద్యే. పదివేలు తిరిగొచ్చాయి కాబట్టి పది లక్షలూ తిరిగొస్తాయన్న తర్కం ఇక్కడ పనిచేయదు. పదివేలు ఇచ్చిందే పది లక్షల కోసం.

పెద్ద మొత్తం లోపలికి వెళ్లాక విత్‌డ్రా ఆగిపోతుంది. ముందు పన్ను కట్టాలంటారు. కడితే ఖాతా అనుమానాస్పదంగా ఉంది, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలంటారు. అదీ కడితే గడువు దాటింది, జరిమానా అంటారు. అసలు పోయేదానికన్నా ఈ చివరి అంకంలో పోయేది కొందరికి ఎక్కువ. ఫిక్స్‌డ్ డిపాజిట్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. బంగారం తాకట్టు, పర్సనల్ లోన్, బంధువుల దగ్గర చేబదులు మొదలవుతాయి. తెరమీద కోటి రూపాయలు కనబడుతున్నప్పుడు అది విడిపించుకోవడానికి ఐదు లక్షలు ఖర్చు పెట్టడం మూర్ఖత్వంగా అనిపించదు. ఆ కోటి ఉందన్న నమ్మకం మీదే మిగతా లెక్కంతా నడుస్తుంది.

మోసపోయిన బ్యాంకరు

ఆశపోతులు, చదువులేనివారే ఇలాంటి వలలో పడతారన్న మాటకు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో జరిగిన ఒక ఉదంతం గట్టి జవాబు. ఎల్క్‌హార్ట్ అనే చిన్న పట్టణంలో హార్ట్‌ల్యాండ్ ట్రై-స్టేట్ బ్యాంకు ఉండేది. రైతులకు అప్పులిచ్చే, ఊరి నమ్మకం మీద నిలిచిన బ్యాంకు. దాని అధిపతి ఆన్‌లైన్ పరిచయం ద్వారా క్రిప్టో పెట్టుబడిలోకి దిగాడు. మొదట సొంత డబ్బు పెట్టాడు. తర్వాత తన చర్చి డబ్బు, ఒక పెట్టుబడి క్లబ్బు డబ్బు, కూతురి కాలేజీ చదువుకు దాచిన డబ్బు వాడాడు. 2023 మే చివరి నుంచి జులై మొదటివారం దాకా, ఆరు వారాలు కూడా నిండకుండానే, బ్యాంకు సొమ్ము 4.71 కోట్ల డాలర్లను విడతలవారీగా క్రిప్టోగా మార్చి పంపేశాడు. జులై 28న బ్యాంకు మూతపడింది. డిపాజిటర్లకు బీమా ఉండడంతో వారి సొమ్ముకు ఢోకా లేకపోయింది. వాటాదారుల పెట్టుబడి మాత్రం అప్పటికి తుడిచిపెట్టుకుపోయింది. 2024 ఆగస్టులో కోర్టు ఆయనకు 24 ఏళ్ల 5 నెలల జైలుశిక్ష వేసింది.

దశాబ్దాల పాటు అప్పు అడిగేవారి నిజాయితీని తూచిన మనిషి ఆయన. దొంగతనం చేసిన నేరం ఆయనదే, అందులో సందేహం లేదు. కానీ ఆ సొమ్ములో ఒక్క డాలరు కూడా తన దగ్గర మిగుల్చుకోలేదు. ఇంకొంచెం పంపితే అంతా బయటికొస్తుంది, ఎవరికీ తెలియకుండా తిరిగి కట్టేయవచ్చన్న లెక్క ఆయన్ను అంతదూరం లాక్కెళ్లింది.

మోసం జరుగుతున్నప్పుడు బాధితుడికి అది తెలియకపోవడం సాధారణమే. అమెరికా ఎఫ్‌బీఐ 2024లో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ పుస్తకంలోని జాడల ఆధారంగా ఇంకా డబ్బు పంపుతూనే ఉన్న బాధితులను గుర్తించి ఫోన్ చేసింది. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తాము మోసపోతున్నామన్న సంగతి ఆ ఫోన్ వచ్చేదాకా తెలియదు. క్రిప్టోతో ముడిపడిన నేరాల్లో పోయిందని ఆ సంస్థకు 2024లో అందిన ఫిర్యాదుల మొత్తం సుమారు 930 కోట్ల డాలర్లు. 2023లో అది 560 కోట్లు.

అవతలి గదిలో ఎవరు?

ఆప్యాయంగా మెసేజ్‌లు పంపే చేతులు కూడా కొన్నిసార్లు బందీ చేతులే. కంబోడియాలోని సిహనూక్‌విల్, మయన్మార్‌లో థాయ్ సరిహద్దు నది ఒడ్డునున్న మ్యావడీ పరిసరాలు, లావోస్‌లోని గోల్డెన్ ట్రయాంగిల్ ప్రాంతం ఈ పరిశ్రమకు కేంద్రాలు. ఎత్తైన ప్రహరీలు, ముళ్లకంచెలు, హాస్టల్ గదులు, వరుసగా కంప్యూటర్లు. ఆన్‌లైన్ మోసాలు బలవంతంగా చేయిస్తున్నవారు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి రప్పించడం, పాస్‌పోర్టు లాక్కోవడం, టార్గెట్ అందుకోకపోతే కొట్టడం అక్కడి నుంచి బయటపడినవారు చెప్పే వివరాలు.

ఈ కథలో తెలుగువారు రెండు వైపులా ఉన్నారు. ఏజెంట్ల మాట నమ్మి కంబోడియా వెళ్లిన యువకుల ఉదంతం 2024 మేలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తుతో బయటపడింది. అదే నెలలో సిహనూక్‌విల్‌లో వందలమంది భారతీయులు ఎదురుతిరిగి నిరసనకు దిగారు, కొందరు బృందాలుగా విశాఖ విమానాశ్రయానికి చేరుకున్నారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు శిబిరాల నుంచి బయటపడిన 549 మందిని భారత వాయుసేన విమానాల్లో స్వదేశానికి తీసుకొచ్చారు. వారిలోనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లున్నారు. భారతీయుల చేత భారతీయులనే మోసం చేయించారని తిరిగొచ్చినవారు చెప్పారు. కాబట్టి చక్కని తెలుగులో, ఊరి యాసలో మాట్లాడారన్నది నమ్మకానికి ఆధారం కాలేదు.

పైస్థాయిలో పోగయ్యే డబ్బు ఊహకందనిది. కంబోడియాలో ప్రిన్స్ గ్రూప్ అనే వ్యాపార సామ్రాజ్యానికి అధిపతి అయిన చెన్ జీ మీద 2025 అక్టోబరులో అమెరికా ఇలాంటి శిబిరాలు నడిపించాడన్న ఆరోపణతో కేసు పెట్టింది. దాంతోపాటు 1,27,271 బిట్‌కాయిన్ల జప్తుకు దావా వేసింది. అప్పటి ధరలో వాటి విలువ సుమారు 1,500 కోట్ల డాలర్లు.

మిగతా వేషాలు

ఇంత ఓపిక అక్కర్లేని మోసాలు కూడా చాలా ఉన్నాయి. పంపినదానికి రెట్టింపు ఇస్తామనడం వాటిలో పాతది. 2020 జులై 15న ట్విటర్‌లో చొరబడిన కుర్రాళ్లు బరాక్ ఒబామా, జో బైడెన్, ఎలాన్ మస్క్, బిల్ గేట్స్ ఖాతాల నుంచే ఆ ప్రకటన చేసి, కొద్ది గంటల్లో లక్ష డాలర్లకు పైగా రాబట్టారు. ఖాతా అసలైనదే అయినా మాట నకిలీ కావచ్చని ఆ రోజు తేలింది.

కొత్త నాణెం పుట్టించి ధర పెంచి పారిపోవడం మరొకటి. స్క్విడ్ గేమ్ అనే వెబ్ సిరీస్ పేరు వాడుకున్న నాణెం 2021 నవంబరు మొదట్లో 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లో దాదాపు సున్నాకు పడింది. కొన్నవారు అమ్ముకోలేని విధంగా దాని కోడ్ రాశారు. ఆకాశానికి ఎగబాకే ధరను చూసి మురిసినవారు ఎవరైనా అమ్మగలుగుతున్నారా అని చూడలేదు.

గొలుసుకట్టు పథకాలది తెలుగునాట బాగా తెలిసిన బాణీ. చేర్పించినవారికి కమీషన్, పైవారికి ఇంకా ఎక్కువ. బల్గేరియాకు చెందిన రూజా ఇగ్నతోవా 2014లో మొదలుపెట్టిన వన్‌కాయిన్ ప్రపంచవ్యాప్తంగా 400 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. దానికి అసలు బ్లాక్‌చెయినే లేదు. ఆమె 2017 అక్టోబరు నుంచి కనబడలేదు. మనదేశంలో గెయిన్‌బిట్‌కాయిన్ నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని ఊరించింది. ఆ కేసును ఇప్పటికీ సీబీఐ తవ్వుతోంది.

సొంత వాలెట్ వాడేవారికి ఇంకో ప్రమాదం ఉంది. ఉచిత నాణేలు ఇస్తామనే సైట్‌కు వాలెట్ కలిపి ఒక అనుమతి మీద నొక్కితే, ఆ నొక్కుడు వాలెట్‌లోని ఒక రకం నాణేలన్నీ తీసుకుపోయే అధికారాన్ని అవతలివారికి రాసిచ్చేదై ఉండవచ్చు. రహస్య మాటలు ఎవరికీ చెప్పకపోయినా సొమ్ము పోతుంది.

డబ్బు దారిలో కనిపించే గుర్తులు

భారతదేశంలో బాధితుడి డబ్బు చాలాసార్లు నేరుగా క్రిప్టోగా వెళ్లదు. ముందు యూపీఐ లేదా ఐఎంపీఎస్ ద్వారా ఏదో బ్యాంకు ఖాతాకు వెళుతుంది. అక్కడే గట్టి ఆధారం దొరుకుతుంది. పెట్టుబడి సంస్థ పేరు ఒకటైతే, డబ్బు తీసుకునే ఖాతా ఏదో కిరాణా దుకాణం పేరునో, ట్రావెల్స్ పేరునో, ఎవరో వ్యక్తి పేరునో ఉంటుంది. ప్రతిసారీ కొత్త ఖాతా ఇస్తారు. వీటిని మ్యూల్ ఖాతాలంటారు. కమీషన్ ఆశతో అద్దెకిచ్చిన ఖాతాలివి. అక్కడ పడ్డ డబ్బు మరికొన్ని ఖాతాలు దాటి యూఎస్‌డీటీగా మారి దేశం విడిచిపోతుంది. కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చిన విద్యార్థులు కేసుల్లో ఇరుక్కోవడం మామూలైపోయింది.

రెండో గుర్తు పన్ను. అసలు చట్టం తెలిస్తే ఈ అబద్ధం అక్కడికక్కడే తేలిపోతుంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉంది. ఆ ఏడాది జులై నుంచి అమ్మకం విలువలో 1 శాతం టీడీఎస్ ఉంది. టీడీఎస్‌ను క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎక్స్చేంజి తానే మినహాయించుకుని మిగతాది ఇస్తుంది. పన్నును మనిషి తన రిటర్న్‌తో ప్రభుత్వానికి కడతాడు. సొంత డబ్బు బయటికి తీసుకోవడానికి ముందుగా యాప్‌కు పన్ను పంపాలనే నియమం ఎక్కడా లేదు.

2023 మార్చి నుంచి భారతీయులకు సేవలందించే ఎక్స్చేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర అవి నమోదు కావాలి. పేరు అక్కడ లేకపోతే అదొక హెచ్చరిక. పేరున్నంత మాత్రాన పెట్టుబడికి హామీ ఉన్నట్టు కాదు. అసలైన ఎక్స్చేంజిలోనే నాణేలు కొనిపించి, అక్కడి నుంచి తమ చిరునామాకు పంపించుకునే ముఠాలూ ఉన్నాయి.

యాప్ ఏ దారిన వచ్చిందన్నదీ చూడాలి. ప్లే స్టోర్‌లో లేని ఏపీకే ఫైలు, ఐఫోన్‌లో పరీక్షల కోసం ఉద్దేశించిన టెస్ట్‌ఫ్లైట్ దారి ప్రమాద సూచనలు. సైట్ చిరునామా ఎప్పుడు నమోదైందో హూయిజ్ సేవల్లో ఉచితంగా చూడవచ్చు. పదేళ్ల సంస్థనని చెప్పుకుంటూ చిరునామా వయసు మూడు నెలలైతే ఇక ఆలోచించాల్సిన పని లేదు. వీడియో కాల్‌లో ముఖం కనబడడం మాత్రం ఇప్పుడు రుజువు కాదు. ముఖాన్ని అప్పటికప్పుడు మార్చే సాఫ్ట్‌వేర్ ముఠాల చేతిలో ఉంది, కాల్స్ మాట్లాడడానికే జీతమిచ్చి పెట్టుకున్న మోడళ్లూ ఉన్నారు.

ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్న షరతు వచ్చిందంటే పని దాదాపు ముగింపుకొచ్చినట్టే. బ్యాంకు మేనేజరు అడిగితే ఇంటి మరమ్మతులకని చెప్పమని నేర్పించేవారు తమ వ్యాపారమేమిటో తామే చెప్పుకుంటున్నారు.

డబ్బు పోయాక

మొదట చేయాల్సింది ఇంకేమీ పంపకపోవడం. తర్వాత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు బ్యాంకు ఖాతాల గొలుసులో ఉండగానే సమాచారం అందితే మధ్యలో ఎక్కడో ఒకచోట నిలిపివేసే వీలుంటుంది. బ్యాంకు లావాదేవీలకు యూటీఆర్ నంబర్లు, క్రిప్టోగా పంపివుంటే లావాదేవీ గుర్తింపు సంఖ్య, అవతలి చిరునామా, ఫోన్ నంబర్లు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోవాలి. కోపంతోనో సిగ్గుతోనో చాట్ డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది. వాలెట్ అనుమతి ద్వారా దెబ్బ తిన్నవారు ఆ అనుమతిని రద్దు చేసుకోవాలి. రహస్య మాటలు బయటపడినవారికి రద్దు చేసుకునే వీలు లేదు, మిగిలిన నాణేలను కొత్త మాటలతో తెరిచిన కొత్త వాలెట్‌కు మార్చుకోవడమే దారి.

లావాదేవీ సంఖ్యకు ఎందుకింత ప్రాధాన్యమంటే బ్లాక్‌చెయిన్ పుస్తకం బహిరంగం. ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు ఎంత వెళ్లిందో ఎవరైనా చూడవచ్చు. చిరునామా వెనకున్న పేరొక్కటే అందులో కనబడదు. దొంగసొమ్ము నగదు కావాలంటే చాలాసార్లు ఎక్కడో ఒకచోట ఎక్స్చేంజి గడప తొక్కాలి. అక్కడ గుర్తింపు పత్రాలు ఉంటాయి, ఖాతాను ఆపే అధికారం ఉంటుంది. పరిశోధకులు పట్టుకోగలిగేది చాలావరకు ఆ గడప దగ్గరే. వారు నిలిపివేయించినా, తిరిగివచ్చేది పోయినదంతా కాకపోవచ్చు, కోర్టు ద్వారా రావడానికి నెలలూ పట్టవచ్చు.

ఈ ఆలస్యాన్ని సొమ్ము చేసుకునేవారు మరికొందరు. పోయిన క్రిప్టో తెచ్చిపెడతామంటూ హ్యాకర్లుగా, లాయర్లుగా, ఒక్కోసారి పోలీసు అధికారులుగా పరిచయం చేసుకుంటారు. బాధితుల జాబితాలు ముఠాల మధ్య అమ్ముడవుతాయి. అందుకే పోయిన మొత్తం కూడా వారికి సరిగ్గా తెలిసివుంటుంది. ముందుగా ఫీజు అడుగుతారు, దాన్నీ తరచుగా యూఎస్‌డీటీలోనే పంపమంటారు. బ్లాక్‌చెయిన్‌లో ముగిసిన లావాదేవీని బయటి నుంచి హ్యాక్ చేసి వెనక్కి తిప్పడం ఎవరి వల్లా కాదు. 1930కి చేసిన ఫిర్యాదుకు గానీ పోలీసు దర్యాప్తుకు గానీ బాధితుడి నుంచి రుసుము తీసుకోరు.